పొరపాటు అని రాస్తే సరిపోతుందా?

సందేహం: మా బావగారికి నడుము దగ్గర డిస్క్ ఆపరేషన్ చేశారు. అప్పటి నుంచి ఎడమ పాదం పైకి లేవడం లేదు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదు. ఆ రాత్రే నర్సుకు చెప్పాం, మూడో రోజు దాకా స్కాన్ తీయలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, జరిగిందంతా ముందు తెలుగులో రాసుకు రమ్మన్నారు వకీలుగారు. రాసే పని నా మీద పడింది. డాక్టర్‌గారు మంచివారే. 'నిర్లక్ష్యం చేశారు' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. 'పొరపాటు' అంటే సరిపోతుందా? అడగాల్సింది పరిహారమా, నష్టపరిహారమా? నేను రాసింది జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

సమాధానం: అమ్మా, మీ చెయ్యి ఆగడంలో తప్పులేదు. నిర్లక్ష్యం అనే మాటను మనం ఇంట్లో వాడే తీరే అలాంటిది. 'పెళ్లయ్యాక అమ్మానాన్నల్ని నిర్లక్ష్యం చేశాడు' అంటాం. అందులో లెక్కచేయనితనం, కాస్త పొగరు కూడా వినిపిస్తాయి. సంస్కృతంలో 'నిర్లక్ష్యం' అంటే కంటికి ఆననిది. మన 'లక్ష్యపెట్టు' పక్కన చేరి, తెలుగులో అది లక్ష్యపెట్టకపోవడం అయింది. అంటే మనకది మనిషి మనసును వేలెత్తి చూపించే మాట.

చట్టంలో మాత్రం అది మనసు సంగతి కాదు. అదే వృత్తిలో మామూలు నైపుణ్యం ఉన్న మరో డాక్టర్ తీసుకునేపాటి జాగ్రత్త ఈయన తీసుకున్నారా లేదా అన్నదే ప్రశ్న. ఎంత మంచివారైనా సరే, ఆ జాగ్రత్త తీసుకోకపోతే అది నిర్లక్ష్యమే. కాబట్టి ఆ మాట రాసినంత మాత్రాన డాక్టర్‌గారిని చెడ్డవారన్నట్టు కాదు.

'పొరపాటు' మాత్రం రాయకండి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టర్ అంచనా తప్పినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని స్పష్టంగా చెప్పింది. మీరు మర్యాద కోసం 'పొరపాటు జరిగింది' అని రాస్తే, అవతలి వకీలు చెప్పబోయే మాటను మీరే ముందుగా అందించినట్టవుతుంది. 'ఏమరుపాటు' నాకు ఇష్టమైన తెలుగు మాట, కానీ అది ఒక్క క్షణం కన్ను చెదరడం. కడుపులో గుడ్డముక్క మర్చిపోయి కుట్లు వేస్తే ఏమరుపాటు అనొచ్చు. రాత్రి చెప్పిన బాధకు మూడో రోజు దాకా స్కాన్ తీయకపోవడానికి ఆ మాట చాలదు. అర్థానికి దగ్గరగా ఉన్నది 'అజాగ్రత్త'. అయినా కమిషన్లలో, పత్రికల్లో పాతుకుపోయింది 'వైద్య నిర్లక్ష్యం' కాబట్టి దాన్నే వాడండి.

ఇక మీరు రాసింది చూద్దాం. 'వైద్యుల వల్ల మా బావగారు తీవ్రంగా గాయపడ్డారు' అన్నారు. చదివితే ఆస్పత్రి వరండాలో కొట్టుకున్నారేమో అనిపిస్తోంది! గాయం సంస్కృత 'ఘాతం' నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. దాని మూలంలోనే దెబ్బ ఉంది. ఇంగ్లిష్ 'ఇంజురీ'కి అన్ని చోట్లా గాయం అని పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. నరం దెబ్బతింటుంది, పాదం చచ్చుబడుతుంది, మనిషికి హాని జరుగుతుంది. 'తగిన శ్రద్ధ కనబరచబడలేదు' అని మరో వాక్యం రాశారు. ఎవరు కనబరచలేదు? ఇలాంటి 'బడు' వాక్యాల్లో చేసినవాడు తప్పించుకుంటాడు. దాన్ని కొట్టేసి, మీ ఉత్తరంలో ఉన్నదే పెట్టండి: 'ఆ రాత్రే నర్సుకు చెప్పాం, మూడో రోజు దాకా స్కాన్ తీయలేదు.' చెప్పు జారిపోయినా తెలియని సంగతి మీ చిత్తుప్రతిలో ఎక్కడా లేదు. ఉత్తరంలో అంత బాగా చెప్పి, అసలు కాగితంలో 'అవయవ లోపం సంభవించినది' అని ఎందుకు రాశారో!

'సేవాలోపం' అన్న మాట కూడా మీకు తగులుతుంది. మొదటిసారి విన్నప్పుడు గుడిలో అర్చన తప్పిపోయిందేమో అనుకున్నాను. డబ్బు ఆశించకుండా చేసేదాన్ని మనం సేవ అంటాం. వినియోగదారుల చట్టానికి డబ్బు తీసుకుంటేనే సేవ. ఫీజు తీసుకుని చేసే వైద్యం ఈ చట్టం కిందికి వస్తుందనీ, అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట చట్టం వర్తించదనీ 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు బిల్లు కట్టారు కాబట్టి, ఆ రసీదులు జాగ్రత్త.

పరిహారం, నష్టపరిహారం ఒకటి కాదు. పరిహారం అంటే తొలగించడం, అందుకే దోషానికీ, పాపానికీ కూడా పరిహారం ఉంటుంది. ముందు 'నష్టం' చేరితే ఫలానా నష్టానికి ఇంత అని లెక్క వస్తుంది. ప్రమాదం జరిగిన సాయంత్రం ప్రభుత్వం ప్రకటించే 5 లక్షలను పత్రికలు పరిహారం అంటాయి గానీ, అది ఎక్స్‌గ్రేషియా, దయతో ఇచ్చేది. మీరు అడుగుతున్నది దయ కాదు. అందుకే చివర 'తగిన పరిహారం దయచేసి ఇప్పించగలరు' అన్న వాక్యం తీసేయండి. ఆస్పత్రి ఖర్చు ఎంత, పోయిన జీతం ఎంత, ఇకముందు ఫిజియోథెరపీకి ఎంత, మనోవేదనకు ఎంత అని విడివిడిగా అంకెలు వేయండి.

అంకెలు ఎందుకంటే, హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో ఛాతీలో కణితికి ఆపరేషన్ చేయించుకున్న ఇంజినీరింగ్ విద్యార్థికి నడుము కింది భాగం చచ్చుబడింది. ఆపరేషన్ దగ్గర న్యూరోసర్జన్ లేకపోవడం నిర్లక్ష్యంగా తేలింది. జాతీయ కమిషన్ 15.5 లక్షలు ఇమ్మంది. సుప్రీంకోర్టులో ఆయన తన కేసు తనే వాదించుకున్నాడు. 2009లో కోర్టు ఆ మొత్తాన్ని కోటి రూపాయలు చేసింది, వడ్డీ అదనం. ఇకముందు బతుకంతా అయ్యే ఖర్చు లెక్కలోకి వస్తేనే మొత్తం అలా మారుతుంది.

ఫిర్యాదుకు గడువు మామూలుగా రెండేళ్లు. అది ఏ తేదీ నుంచి లెక్కో వకీలుగారినే అడగండి, అది నా శాస్త్రం కాదు.

'ఫిర్యాదు' అన్నది ఫారసీ ఫర్యాద్, అంటే మొర. 'దావా' అరబ్బీ మాట, దాని అర్థమే 'ఇది నాది' అని అడగడం, ఇంగ్లిష్‌వారి క్లెయిమ్. సివిల్ కోర్టులో వేసేది దావా, కమిషన్‌లో ఇచ్చేది ఫిర్యాదు. పేరుకు మొర అయినా, మీరు దావాలాగే రాయండి. 'క్లెయిమ్ చేస్తున్నాం' అన్నా నాకు అభ్యంతరం లేదు, బీమా పుణ్యమా అని అది ఊళ్లలో కూడా తెలిసిన మాటే. నష్టపరిహారం మాత్రం సమాసం, మధ్యలో ఖాళీ వదలకుండా కలిపి రాయండి.