మ్యాచ్ చూడటం ఇష్టమా, మ్యాచ్ అయ్యాక పని ఇష్టమా?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం. మా అమ్మాయి ఇక్కడే విశాఖలో జర్నలిజం పీజీ చదువుతోంది. 2025 అక్టోబరులో మధురవాడ స్టేడియంలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు జరిగినప్పుడు టికెట్లు కొనుక్కుని వెళ్లి, కాలేజీ పత్రికకీ, ఓ చిన్న వెబ్‌సైట్‌కీ వార్తలు రాసింది. అప్పట్నుంచి స్పోర్ట్స్ జర్నలిస్టునే అవుతానంటోంది. ఈమధ్య ఎవరో ఫోన్ చేసి, రెండు లక్షలు కడితే జపాన్‌లో జరిగే ఆసియా క్రీడలకు ప్రెస్ పాస్ ఇప్పిస్తానన్నాడట. కట్టమంటారా? అసలు ఈ రంగంలో బతకగలదా? బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమని మా బావగారు ఒకటే పోరు.
- ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. కట్టకండి. ఇప్పటికే ఏమైనా అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఆ మెసేజ్‌లు, చెల్లింపు వివరాలు జాగ్రత్త చేసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

ప్రెస్ పాస్ అని మనం అనేదాన్ని ఆ రంగంలో అక్రెడిటేషన్ అంటారు. అది అమ్మకానికి ఉండదు. ఒలింపిక్స్‌కు ఏ దేశానికి ఎన్ని ప్రెస్ అక్రెడిటేషన్లో కోటా ఉంటుంది. పత్రికలు, వార్తా ఏజెన్సీలు తమ దేశపు ఒలింపిక్ సంఘం ద్వారా అడగాలి. ఈ తతంగం ఏడాదికి పైగా ముందే మొదలవుతుంది. ఆసియా క్రీడలకూ మన దగ్గర దారి భారత ఒలింపిక్ సంఘం మీదుగానే. క్రికెట్ ప్రపంచకప్ అయితే పత్రికో, ఛానెలో తమ రిపోర్టర్ కోసం ఐసీసీకి దరఖాస్తు పెట్టుకుంటుంది. ఎక్కడైనా వాళ్లు చూసేది ఎవరి తరఫున వస్తున్నారు, ఇంతకుముందు ఏం రాశారు అనే. ఐచి-నగోయాలో 2026 సెప్టెంబరు 19న మొదలయ్యే క్రీడలకు ఏ సంస్థా పంపని విద్యార్థినికి పాస్ ఇప్పిస్తానంటూ మధ్యలో ఒక మనిషి రెండు లక్షలు అడుగుతున్నాడంటే, అది మోసమనే అనుకోండి.

విద్యార్థులకు తలుపులు మూసేశారని కాదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2010లో సింగపూర్ యూత్ ఒలింపిక్స్ నుంచి యంగ్ రిపోర్టర్స్ అనే శిక్షణ కార్యక్రమం నడుపుతోంది. ప్రపంచ యూనివర్సిటీ క్రీడలు నిర్వహించే ఫిసు కూడా 2011 నుంచి ఇలాంటిదే చేస్తోంది. సీనియర్ జర్నలిస్టుల పర్యవేక్షణలో, అసలు పోటీల మధ్యే నేర్పిస్తారు. సీట్లు చాలా తక్కువ, వయసు పరిమితి ఉంటుంది. అర్హతలు, గడువులు ఆ సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే చూడమనండి. ఎంపికలో పనికొచ్చేది తన పేరుతో అచ్చయిన వార్తలు, ఇంగ్లిష్‌లో రాయగలగడం. మీ అమ్మాయి మొదటిది మొదలుపెట్టేసింది.

టికెట్టు కొనుక్కుని గ్యాలరీలో కూర్చుని రాసిందని తక్కువగా చూడకండి. లీగ్ మ్యాచ్‌ల టికెట్లు వంద రూపాయల నుంచే అమ్మారు కాబట్టి, ఆ సొమ్ముకి ఆమెకి దొరికిన చదువు చాలా చవక. ఎందుకంటారా? అక్టోబరు 9 మ్యాచ్ గుర్తు చేసుకోండి. దక్షిణాఫ్రికాపై మనవాళ్లు 102కి ఆరు వికెట్లు పోగొట్టుకున్నారు. అప్పటికి ఏ రిపోర్టరైనా మొదటి వాక్యం ‘భారత్ కుప్పకూలింది’ అనే రాసుకుని ఉంటాడు. రిచా ఘోష్ 77 బంతుల్లో 94 కొట్టి స్కోరును 251కి చేర్చింది. ఆ వాక్యం పోయింది. తర్వాత దక్షిణాఫ్రికా 81కి ఐదు వికెట్లు. ఇక గెలిచేశాం అనుకుని రెండో కాపీ (అంటే అచ్చుకు పంపే వార్త) సిద్ధం చేసుకుంటే, నదీన్ డిక్లెర్క్ 54 బంతుల్లో 84 నాటౌట్‌తో ఏడు బంతులుండగానే మ్యాచ్ ఎగరేసుకుపోయింది. మూడో కాపీ. రాత్రిపూట, ఆఫీసులో పేజీ తయారుచేసే డెస్క్ నుంచి ‘ఎంతసేపమ్మా’ అని ఫోన్లు వస్తుండగా, చుట్టూ జనం ఉసూరుమంటూ లేచి వెళ్లిపోతుండగా రాయాలి. ఓడిపోయామన్న బాధ రిపోర్టర్‌కీ ఉంటుంది, దానికి టైం ఉండదు.

అందుకే ఆమెను ఒక ప్రశ్న అడగండి. మ్యాచ్ చూడటం నచ్చిందా, మ్యాచ్ అయ్యాక ఆ గంటా గంటన్నర పని నచ్చిందా? క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు మన ఊళ్లో వీధికి పదిమంది. ఆ చివరి గంట టెన్షన్‌ని ఇష్టపడేవాళ్లు అరుదు. ఆమె అక్టోబరులో రాసిన కాపీలు మీరు కూడా ఒకసారి చదవండి. మూడు రోజుల తర్వాత, 12న జరిగిన ఆస్ట్రేలియా మ్యాచ్ గురించి ఏం రాసిందో చూడండి. మనవాళ్లు 330 చేస్తే అలీసా హీలీ 142 కొట్టి గెలిపించింది. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతి పెద్ద ఛేదన. దేశమంతా రాసింది హీలీ గురించే. కానీ రెండు జట్లూ కలిసి 661 పరుగులు చేసిన ఆ పిచ్‌పై పది ఓవర్లలో 41 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి. తెలుగు పాఠకుడి కోసం రాసే మనిషి కన్ను అటు పోవాలి. మీ అమ్మాయి కాపీలో శ్రీచరణి రెండో పేరాలోనే ఉంటే నాకు చాలా ఆశ. చివర్లో స్కోరు వివరాల్లో మాత్రమే ఉంటే, అదీ నేర్చుకోగలిగిందే. ‘అప్పటికి’ అన్న మాట కూడా వాడిందో లేదో చూడండి. అక్టోబరు 30న సెమీఫైనల్లో మనవాళ్లు అదే ఆస్ట్రేలియాపై 339 లక్ష్యాన్ని కొట్టేసి ఆ రికార్డును చెరిపేశారు మరి.

పెద్ద పోటీల్లో ఇంకో చిక్కు ఉంది, గ్యాలరీ నుంచి అది కనిపించదు. ఫలితం ప్రకటించాక కూడా మారొచ్చు. మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ కథే తీసుకోండి. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వంద మీటర్ల హర్డిల్స్. చైనా అమ్మాయి వూ యానీ ముందే కదిలింది, ఆమెతో పాటు జ్యోతినీ తప్పించబోయారు, వాదన జరిగింది, చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి 12.91 సెకన్లలో మూడో స్థానంలో వచ్చింది. తర్వాత వూ యానీని అనర్హురాలిగా తేల్చడంతో కాంస్యం కాస్తా రజతమైంది. తొందరపడి ‘కాంస్యం’ అని పంపేసి నిద్రపోయిన రిపోర్టర్ మర్నాడు ఏం చెప్పుకుంటాడు? అలాంటి చోట అధికారిక ఫలితాల పత్రం చేతికొచ్చేదాకా ఆగడం, నిబంధన తెలిసిన ఒక కోచ్‌నో అధికారినో పట్టుకుని అడగడం, ఈ రెండూ అలవాటు కావాలి. అథ్లెట్లు ట్రాక్ నుంచి బయటికొచ్చే దారిని మిక్స్‌డ్ జోన్ అంటారు. అక్కడ ముందు ప్రసార హక్కులున్న టీవీలవాళ్లు, ఆ తర్వాతే పత్రికలవాళ్లు. మన వంతు వచ్చేసరికి దొరికేది ఒకటో రెండో ప్రశ్నలు. ‘ఎలా ఫీలవుతున్నారు’ అని అడిగి ఆ ఒక్క అవకాశం పాడు చేసుకునేవాళ్లని టీవీలో రోజూ చూస్తున్నాం.

ఒక హెచ్చరిక, ఇది ఆమెకే చదివి వినిపించండి. స్టేడియంలో కూర్చుని బంతి బంతికీ స్కోరు ఫోన్లో చెబితే డబ్బులిస్తామని ఎవరైనా అడిగితే అది జర్నలిజం కాదు. టీవీ ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఆ తేడా మీద బెట్టింగ్ ఆడేవాళ్లు ఇలా మనుషుల్ని పెట్టుకుంటారు. పట్టుబడితే స్టేడియం నుంచి గెంటేయడంతో ఆగదు, పోలీసు కేసు దాకా పోవచ్చు. అలాగే మ్యాచ్ జరుగుతుండగా వీడియోలు తీసి రీల్స్ పెట్టడం కూడా. ప్రసార హక్కులు కొనుక్కున్నవాళ్లు వేరే ఉంటారు.

ఇక బతుకుతెరువు. తెలుగు పత్రికల్లో స్పోర్ట్స్ పేజీ ఎక్కువగా డెస్క్ మీదే తయారవుతుంది. ఏజెన్సీ వార్తను చక్కటి తెలుగులోకి తేవడం, హెడ్డింగ్ పెట్టడం, గణాంకాలు సరిచూడటం సబ్ ఎడిటర్ల పని. మైదానానికి వెళ్లే రిపోర్టర్లు తక్కువ. ప్రపంచకప్‌లకు, ఒలింపిక్స్‌కు వెళ్లేవాళ్లు మరీ తక్కువ, అదీ చాలా ఏళ్ల సర్వీసు తర్వాత. మొదటి జీతం చిన్నదే, దాచేదేం లేదు. ఈనాడు లాంటి పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లలో పరీక్ష పెట్టి తీసుకుని స్టైపెండ్ ఇస్తూ నేర్పిస్తాయి, ఆ ప్రకటనలు గమనిస్తూ ఉండమనండి. పత్రికలు ఒక్కటే కాదు, మ్యాచ్‌ల తెలుగు కామెంటరీ వెనక స్క్రిప్టు, గణాంకాలు చూసే టీమ్‌లు, లీగ్ జట్ల సోషల్ మీడియా, క్రీడా సంఘాల మీడియా విభాగాలు ఉన్నాయి. కామన్వెల్త్ క్రీడలు 2030లో అహ్మదాబాద్‌కు వస్తున్నాయి. అప్పటికి ఆమెకు నాలుగేళ్ల అనుభవం ఉంటే, పాస్ కోసం ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు, సంస్థే దరఖాస్తు పెడుతుంది.

ఆ నాలుగేళ్లు ఎక్కడ మొదలవ్వాలి? ఇక్కడే. పోర్టు స్టేడియం, ఏయూ మైదానాలు, మీ ఉక్కు నగరం గ్రౌండ్. జిల్లా స్థాయి అథ్లెటిక్స్, కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకు రిపోర్టర్లు రారు, నిర్వాహకులు పంపిన ప్రెస్‌నోటే అచ్చవుతుంది. అక్కడికి వెళ్లి కోచ్‌లతో పరిచయం పెంచుకున్న అమ్మాయికి, రేపు వాళ్లలో ఒకరు జాతీయ జట్టుకు ఎంపికైతే మొదటి ఫోన్ ఆమెకే వస్తుంది. క్రికెట్ ఒక్కటే పట్టుకు వేలాడొద్దని నా గట్టి మాట. క్రికెట్ రాసేవాళ్లు క్యూలో ఉన్నారు, హర్డిల్స్ నిబంధనలు చెప్పగలిగేవాళ్లు లేరు.

మీ బావగారి మాట కొట్టిపారేయను, కానీ బ్యాంకు పరీక్షలకు వయసు ఇంకా చాలా ఉంది. పీజీ పూర్తయ్యాక ఏడాది గడువు ఇవ్వండి. ఆ ఏడాదిలో ఏదో ఒక సంస్థలో ట్రైనీగా చేరడం, ఇంగ్లిష్‌లో నెలకు కొన్ని వార్తలైనా అచ్చు వేయించుకోవడం, ఈ రెండూ జరగకపోతే అప్పుడు కోచింగ్ గురించి కూర్చుని మాట్లాడుకోండి. ఆ రెండు లక్షల్లో కొంత పెట్టి మంచి లాప్‌టాప్ కొనివ్వండి, ఫోన్లో రాసే కాపీకి డెడ్‌లైన్ దగ్గర చాలా బాధలుంటాయి.

మీరు అడగలేదు గానీ, మధురవాడ నుంచి గాజువాకకు రాత్రిపూట ఎలా వస్తుందన్న భయం మీకు ఉండే ఉంటుంది. డెస్క్ ఉద్యోగమన్నా, మ్యాచ్ రిపోర్టింగ్ అన్నా రాత్రి డ్యూటీ తప్పదు. ఇంటర్వ్యూలోనే ‘రాత్రి డ్రాప్ ఉందా, ఇంటి గుమ్మం దాకానా, ఎన్నింటి నుంచి’ అని అడగమనండి. అలా అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని వెనకాడొద్దు. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని చోట ఆమె చేరకపోయినా నష్టం లేదు.