లోకో పైలట్ కోచింగ్‌కి ఫీజు కట్టే ముందు

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాడు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ అవ్వాలని పట్టుదల. మొన్న రాత్రి ల్యాప్‌టాప్‌లో చుక్కల మధ్య అంకెలు చదివే పరీక్ష ఏదో చేసి, ఆరు తప్పాయని అన్నం కూడా తినలేదు. వచ్చే నెల కోచింగ్ ఫీజు కట్టాలి. కట్టమంటారా, మానమంటారా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఒక్క వారం ఆగండమ్మా. ముందు కళ్లు చూపించండి.

ల్యాప్‌టాప్ చెప్పినంత మాత్రాన బెంగ అక్కర్లేదు. అబ్బాయి చేసింది రంగుల తేడా కళ్లు సరిగా పడుతున్నాయో లేదో చూసే ఇషిహారా పరీక్ష అయి ఉంటుంది. జపాన్ కంటి వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో తెచ్చిన పుస్తకం అది. దాన్ని పగటి వెలుతురులో, 75 సెంటీమీటర్ల దూరం నుంచి, పేజీకి మూడు సెకన్లలో చదవాలి. అచ్చులో చుక్కల రంగుల్ని లెక్కగా వేస్తారు, తెర మీద ఆ లెక్క తప్పుతుంది. పైగా రాత్రిపూట ల్యాప్‌టాప్‌లో నైట్ లైట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే తెరంతా పసుపు పులిమినట్టు ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ అయితే మూత కాస్త వంచినా రంగు మారిపోతుంది.

అలాగని ఆ ఆరు తప్పుల్ని కొట్టిపారేయను. పగలు, నైట్ లైట్ తీసేసి, తెరకు ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ చేయించండి. ఎన్ని తప్పాయో కాదు, ఏమని చదివాడో రాసుకోండి. మొదటి పేజీలోని 12 అందరికీ కనిపిస్తుంది. ఆ తర్వాత 8ని 3 అని, 29ని 70 అని, 74ని 21 అని చదివితే మాత్రం అనుమానించాల్సిందే. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా పట్టని కళ్లు అలాగే చదువుతాయి. మీ నాన్నగారికి గానీ, అన్నదమ్ములకు గానీ ఈ ఇబ్బంది ఉందేమో కనుక్కోండి. మగపిల్లలకు ఇది తల్లి వైపు నుంచే వస్తుంది, చాలామంది తల్లులకు ఆ సంగతే తెలియదు.

ఆ పుస్తకం కంటి డాక్టర్ల దగ్గర ఉంటుంది. హైదరాబాద్ రాగలిగితే మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. రైల్వే ఏ-1 ప్రమాణానికి, అంటే లోకో పైలట్లకు కావాల్సిన చూపుకి, రంగుల పరీక్షతో సహా చూడమని అడగండి. కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6, అంటే పూర్తి చూపు ఉండాలి, కళ్లజోడు తీసేయడానికి లేసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను తీసుకోరు.

ఇప్పుడే ఎందుకంటే, ఈ ఉద్యోగానికి మెడికల్ అన్నిటికన్నా చివర్న ఉంటుంది. రెండు కంప్యూటర్ పరీక్షలు, ఆప్టిట్యూడ్ టెస్ట్, సర్టిఫికెట్ల పరిశీలన గట్టెక్కి అక్కడ ఆగిపోతే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. పేజీలు బట్టీ పట్టిస్తాం, రంగు లెన్సులు ఇస్తాం అనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వొద్దు. రేపు ఆ అబ్బాయి వానలో, అర్ధరాత్రి సిగ్నల్ చూసి బండి నడపాలి.

డాక్టరు కుదరదన్నా రైల్వే తలుపులన్నీ మూసుకుపోవు. నోటిఫికేషన్‌లో ప్రతి పోస్టు పక్కన వైద్య ప్రమాణం ఇస్తారు. సీ-1, సీ-2 అని ఉన్నవాటికి రంగుల పరీక్ష లేదు. ఇంకా చదువుతానంటే డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.