కౌఫ్‌మన్ క్వార్టెట్ వాయించబోతున్న మా చిన్నికి

చిన్నీ,

నువ్వూ నీ ముగ్గురు స్నేహితులూ కలిసి వాల్టర్ కౌఫ్‌మన్ క్వార్టెట్, అదే ఆయన నాలుగు తీగ వాయిద్యాలకి రాసిన సంగీతం, వాయిస్తారని రాశావు చూడు, ఆ ఉత్తరం మీ పెద్దమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. పొద్దున్నే రేడియో పెట్టగానే తంబురా మీద వచ్చే ఆ ఆకాశవాణి వయొలిన్ ముక్క, మనం శివరంజని అని పోల్చుకునేది, ఆయనదేనని నాకు యాభై దాటాక గానీ తెలియలేదు. ఇన్నేళ్లు విని పేరు అడగలేదే అని ఇప్పటికీ బాధే.

అయినా కచేరీ ఆ ట్యూన్‌తో మొదలుపెట్టొద్దు. జనం చప్పట్లు కొడతారు, ఆ తర్వాత మీరు ఏం వాయించినా అందులో దాన్నే వెతుక్కుంటూ కూర్చుంటారు.

ముందు వినండి. టొరంటోలోని ఏఆర్‌సీ ఎన్సెంబుల్ అనే వాద్యబృందం వాళ్లు ఆయన ఛాంబర్ సంగీతం, అంటే కొద్దిమందే కలిసి వాయించేది, రికార్డు చేసి 2020లో విడుదల చేశారు, 7వ, 11వ క్వార్టెట్లు అందులోనే ఉన్నాయి, ఒక వయొలిన్ సొనాటా, ఏడుగురు వాయించే ఒక సెప్టెట్ కూడా. 11వది నలుగురూ ఒక గదిలో కూర్చుని, ఆయన కథేమీ చదవకుండా, మూడు నాలుగుసార్లు వినండి. ఇది ఏ రాగం అని వేళ్లు లెక్కపెట్టకు. నువ్వు కర్ణాటకం నేర్చుకున్న పిల్లవి, నీ చెయ్యి ఊరుకోదు, మన వాసన తగలగానే గమకం వేసేస్తుంది. ఆయన ఎంతో ఆలోచించి పెట్టిన స్వరం మీద మనం అలంకారం పెంచితే అది ఆయన సంగీతం కాకుండా పోతుంది. రాసింది రాసినట్టు, నిటారుగా వాయించు.

నోట్స్, అదే చూసి వాయించే స్వరాల కాగితాలు, వాటి దగ్గర మాత్రం జాగ్రత్త. ఆయన 1957 నుంచి అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు, కాగితాలు అక్కడి సంగీత లైబ్రరీలో ఉన్నాయి. ఏది అచ్చయింది, ఎవరి అనుమతి కావాలి అని వాళ్లకే మర్యాదగా రాసి అడుగు, జవాబు ఆలస్యమైతే టెన్షన్ పడకు. వచ్చాక ఒక్కొక్కరి పార్టునీ, అలా నాలుగూ, అందరి స్వరాలూ కలిపి ఉండే పూర్తి స్కోరుతో ఒక్కో బార్ (తాళం గడి) చొప్పున సరిచూసుకోండి. ఒకసారి నేను ఎవరిదో జిరాక్సు నమ్మి, వయోలా పార్టులో ఒక పేజీయే లేదని రిహార్సల్లో తెలుసుకున్నాను, ఆ సాయంత్రం నలుగురి ముఖాలూ నాకింకా గుర్తే.

ఇక వాయించే ముందు సభలో చెప్పే మాట. యూదుడు, 1934లో యూరప్ వదిలి బొంబాయి వచ్చాడు, ఇది చెప్పాలి. కానీ పాపం అన్నట్టు చెప్పొద్దు. వచ్చిన కొద్ది నెలలకే ఛాంబర్ మ్యూజిక్ సొసైటీ పెట్టి, వయొలిన్ విద్వాంసుడు మెహ్లీ మెహతా లాంటి వాళ్లతో కలిసి వాయించిన మనిషి ఆయన, 1937 నుంచి 1946 దాకా బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసుకున్నారు. మన సంగీతం మొదట చెవికెక్కలేదు ఆయనకి. అయినా వదల్లేదు, నేర్చుకుంటూ పోయి 1976 నాటికి మన దక్షిణాది రాగాల మీద ఏకంగా ఓ పెద్ద గ్రంథమే తెచ్చారు. అలాంటి పుస్తకాల వల్ల పండితుడిగా నిలిచారు, స్వరకర్తగా మరుగున పడిపోయారు. నాకైతే ఇది అన్యాయమే.

చెల్లో అబ్బాయిని తొందరపెట్టకు. మొదటి రిహార్సల్ ఫోన్లో రికార్డు చేసి, ఎలా ఉన్నా సరే, నాకు పంపు.

మీ పెదనాన్న