పాములు పాలు తాగవని తెలిసీ నాగుల చవితికి పుట్టలో పాలెందుకు పోస్తారు?

తాగవు. ఆ సంగతి మా నాయనమ్మకీ తెలుసు. ఆవిడ పుట్ట దగ్గర ఉద్ధరిణెతో మూడు చుక్కలు వదిలేది, అంతే. మేం గ్లాసు ఎత్తబోతే "చాలు చాలు, వాళ్ల ఇల్లు తడుస్తుందే" అని కసిరేది.

అన్నట్టు, హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు ఏటా శ్రావణంలో నాగపంచమి శుభాకాంక్షలు పంపుతుంది. మా గుంటూరు వైపు పుట్టకు వెళ్లేది దీపావళి దాటాక, కార్తీక శుద్ధ చవితి నాడు. ఎన్నేళ్లు చెప్పినా వినదు.

మాది బ్రాడీపేట. చిన్నప్పుడు రిక్షా కట్టించుకుని ఊరి చివర పొలం గట్లకు వెళ్లేవాళ్లం. ఆ గట్లన్నీ ఇప్పుడు ఇళ్ల స్థలాలు. మూడేళ్ల క్రితం పక్క వీధిలోని ఖాళీ జాగాలో పుట్ట ఉందంటే చిమ్మిలి, చలిమిడి, వడపప్పు సర్దుకుని వెళ్లాను. ముందు రోజు సాయంత్రం అటుగా నడిచినప్పుడు అక్కడ పుట్ట లేదు మరి! ఎర్రమట్టి కుప్ప, దానికి ఒకే కొలతలో మూడు కన్నాలు, సరిగ్గా గునపం మందాన. పక్కన పళ్లెం, అందులో పది రూపాయల నోట్లు.

అసలైన పుట్టకు లోపలంతా దారులుంటాయి, పోసినదాన్ని పీల్చుకుంటుంది. చీమలు పెట్టిన పుట్ట అంటాం గానీ కట్టేవి చెదపురుగులు. పాము అద్దె లేకుండా దిగుతుంది. ఇక్కడ నా ముందున్నావిడ రెండో ప్యాకెట్టు ఒంపేసరికి కన్నం నిండి, పాలు కుంకుమతో కలిసి మా పాదాల మీదికి వచ్చాయి. "పొంగింది, శుభం" అన్నారెవరో. అందరూ దణ్ణం పెట్టారు. అబద్ధమెందుకు, నేనూ పెట్టాను. చెవిపోటు రాదంటారు కదా అని చెవికి రాసుకోవడానికి పుట్టమన్ను తీస్తే వేలికి కంకర తగిలింది.

నన్నడిగితే ఈ పండుగ మొదలుపెట్టింది ఎలుకల బాధ పడలేని రైతే. వరి గింజ గట్టిపడే రోజుల్లో గట్టు మీద పాము ఉంటే అతనికి అంతకంటే కాపలా ఏముంది? గట్లు చదును చేసేసి, పాలు పోయవచ్చా కూడదా అని వాదించుకుంటున్నాం మనం.

ఇంకొకటి. బుట్టలో నాగుపామును తెచ్చి పాలు తాగిస్తామనే వాళ్లకు పైసా ఇవ్వకండి. నీళ్లు పెట్టకుండా ఎండగడితేనే అది పాలలో మూతి పెడుతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపామును పట్టడం నేరం.

ఇప్పుడు మా ఇంట్లో తులసికోట దగ్గరే వెండి నాగపడిగె పెట్టి మూడు చుక్కలు వదులుతున్నాను. మిగతా ప్యాకెట్టు కాఫీకి. ఉపవాసానికి కాఫీ అడ్డు రాదని చెప్పింది కూడా మా నాయనమ్మే.