మేనకోడలికి ఉత్తరం: అండమాన్‌కు ఏడు కిలోల సంచి చాలు

కాకినాడ

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి మేనకోడలికి, మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. సంక్రాంతి వెళ్ళిన మూడవ రోజున నీవూ అల్లుడుగారూ ఆరు రోజుల కోసం అండమాన్‌కు బయలుదేరుతున్నారనీ, అందుకని ఇప్పటికే రెండు పెద్ద సూట్‌కేసులు మంచం మీద తెరచి పెట్టావనీ, వాటిలో ఒకటి పూర్తిగా చీరలకేననీ మీ అమ్మ ఫోనులో మురిసిపోతూ చెప్పింది. కొత్త పెళ్ళికూతురి ముచ్చటను కాదనే మనసు నాకు లేదు. కాని మీ మామయ్య ఉద్యోగరీత్యా ఆ ద్వీపాలలో నాలుగేళ్ళు కాపురం చేసినదాన్ని కనుక, అక్కడి గాలి బట్టలను ఏం చేస్తుందో తెలిసి కూడా ఊరుకోలేక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

1994లో విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కినప్పుడు నా వెంట ఒక ఇనుప పెట్టె నిండా పట్టుచీరలు ఉన్నాయి. మూడు రోజుల ప్రయాణం తరువాత ఆ పెట్టెను నలుగురు మోసి ఇంట్లో దింపారు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికని తెరిచి చూద్దును కదా, జరీ నల్లబడి, మడతల వెంట ఆవగింజలు చల్లినట్లు బూజు చుక్కలు పట్టి ఉన్నాయి. నా తలంబ్రాల చీర అన్నిటికన్నా పైన ఉండడంతో పెట్టె మూత అంచు తుప్పు దాని కొంగు మీద అడ్డంగా ఒక గోధుమరంగు గీత గీసింది. ఎన్ని చోట్ల ఉతికించినా ఆ గీత పోలేదు. నీవు చిన్నప్పుడు దాన్ని చూసి ‘అత్తా, ఇది కూడా డిజైనేనా’ అని అడిగావు.

ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోటు అది. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ దాన్ని తడుపుతాయి. మీరు వెళ్ళేది వానలు తెరిపి ఇచ్చిన జనవరిలోనే అయినా, చుట్టూ సముద్రమే కనుక గాలిలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. అందుచేత అక్కడికి తీసుకువెళ్ళే బట్టను ఎంచుకొనేటప్పుడు అది ఎంత అందంగా ఉన్నదని కాక, రాత్రి ఉతికితే తెల్లవారేసరికి ఆరుతుందా అని మొదట అడగాలి. ఆరే బట్టలు నాలుగు ఉంటే ఆరు రోజులు హాయిగా గడుస్తాయి. ఆరనివి పద్నాలుగు ఉన్నా మూడవ రోజుకే వాసన వేసే మూట ఒకటి వెంట తిరుగుతుంది.

ఈ వారంలోనే ఒక పరీక్ష పెట్టు. తీసుకువెళ్ళదలచిన ప్రతి బట్టనూ రాత్రి తొమ్మిది గంటలకు తడిపి, గట్టిగా పిండి, ఫ్యాను వేయకుండా గదిలో ఆరవెయ్యి. ఉదయం ఆరు గంటలకు లేచి నడుము పట్టీ, జేబుల లోపల, చంకల దగ్గర కుట్టు, ఈ మూడు చోట్లా చేతితో తడిమి చూడు. చల్లగా తగిలినది ఏదైనా సరే, ఎంత ఇష్టమైనదైనా సరే, బీరువాలోకి తిరిగి వెళ్ళిపోవాలి. నీ జీన్స్ ప్యాంట్లు ఆ పరీక్షలో నెగ్గవని ఇప్పుడే చెప్పగలను. లోపల మందపాటి లైనింగు వేసిన జాకెట్లూ నెగ్గవు.

ఇక అందం సంగతి. తక్కువ బట్టలతో వెళితే ఫొటోలన్నింటిలో ఒకేలా కనిపిస్తానన్నది నీ బెంగ అని నాకు తెలుసు. ఆ బెంగ తీరేది బట్టల సంఖ్యతో కాదు, రంగుల పొత్తుతో. మూడు రంగులు మాత్రమే ఎంచుకో: మీగడ తెలుపు, నీలిమందు నీలం, మంజిష్ఠ ఎరుపు. ఈ మూడూ మన కలంకారీలో తరతరాలుగా కలిసి బ్రతుకుతున్న రంగులే కనుక ఏది దేనిమీద వేసినా తగవు రాదు. పైన వేసుకొనేవి నాలుగు చాలు: పొందూరు ఖద్దరు కుర్తా ఒకటి, మంగళగిరి నూలుతో కుట్టిన నీలం పొట్టి కుర్తీ ఒకటి, పెడన అచ్చు వేసిన ఎర్ర కుర్తీ ఒకటి, తెల్లని లినెన్ పొడుగు చేతుల చొక్కా ఒకటి. కింద వేసుకొనేవి మూడు: తెల్లని పలుచని పలాజో, నడుముకు సన్నని ఎలాస్టిక్ మాత్రమే ఉన్న నీలం ప్యాంటు, ఎర్రని చుట్టు లంగా. నాలుగును మూడుతో హెచ్చవేస్తే పన్నెండు జతలవుతాయి. పూటకొక జత మార్చినా ఆరు రోజులకు సరిపోతుంది. వీటిలో ఒక జత నీ ఒంటి మీదే ప్రయాణం చేస్తుంది కనుక సంచిలోకి వెళ్ళేవి అయిదే. పెడన కుర్తీ కొత్తదైతే మాత్రం ఇంటి దగ్గరే రెండుమూడు సార్లు విడిగా ఉతికి రంగు దిగడం ఆగిందని చూసుకో. లేకపోతే తెల్ల పలాజో గులాబీరంగు పలాజో అవుతుంది.

చీర అసలే వద్దని నేననను. సముద్రం ఒడ్డున చీర కొంగు ఎగిరినంత అందంగా ఏ గౌనూ ఎగరదన్నది నా అభిప్రాయం, దానిలో పక్షపాతం ఉంటే ఉండవచ్చు. ఒక్కటి పెట్టుకో, అదీ పలుచని వెంకటగిరి నూలు చీర. లోపల లంగా ప్రత్యేకంగా అక్కరలేదు. ఆ తెల్ల పలాజో మీదే కట్టు. లైనింగు లేని నీలం జాకెట్టు ఒకటి కుట్టించుకుంటే చీరకూ చుట్టు లంగాకూ రెండింటికీ పనికి వస్తుంది. ఆ చీరను స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన ద్వీపంలో, రాధానగర్ తీరానికి వెళ్ళే సాయంత్రం కోసం దాచుకో. శుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపును మన విశాఖ రుషికొండతో పాటు 2020లో పొందిన తీరాలలో అదీ ఒకటి. తీరం పడమటి వైపుకు ఉంటుంది కనుక సూర్యుడు నీటిలోనే దిగుతాడు. ఆ ద్వీపాలు మనకన్నా చాలా తూర్పున ఉండి కూడా మన గడియారమే పాటిస్తాయి కాబట్టి జనవరిలో అయిదున్నర కాకుండానే పొద్దు వాలిపోతుందని మరువకు. ఆరింటికి తయారై వెళితే చీకటే మిగులుతుంది. ఆ చివరి పావుగంట వెలుగులో మీగడ తెలుపు బంగారంలా మారుతుంది, నీలం మాత్రం నల్లగా కనిపిస్తుంది. అందుచేత చీర మీగడ తెలుపుదై, అంచు ఎర్రదైతే మేలు. తెల్లవారుజామున అదే ద్వీపంలో తూర్పున ఉన్న కాలాపత్థర్ తీరం వైపు వెళ్ళేటప్పుడు నీలం వేసుకో. అక్కడ సూర్యుడు ఎదురుగా లేస్తాడు, నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉంటాయి, నీలం దానిపై చక్కగా తేలుతుంది.

నేను సంచిలో మొదట పెట్టేది చున్నీ. నిజాం అంచు ఉన్న మంగళగిరి చున్నీ, రెండున్నర గజాలది, ఒక్కటి. ద్వీపం నుండి ద్వీపానికి తీసుకువెళ్ళే ప్రైవేటు ఫెర్రీలలో ఏసీ చలి ఎముకలు కొరుకుతుంది, అప్పుడది శాలువా. ఎండలో తలగుడ్డ, ఈత దుస్తుల మీద నడుముకు చుట్టుకొనే గుడ్డ, ఇసుకలో కూర్చొనేటప్పుడు దుప్పటి, సాదా కుర్తీ వేసిన రోజున అలంకారం. పుట్టపాక తేలియా రుమాలు ఒకటి మీ అమ్మ దగ్గర ఉండాలి. నూనె పట్టించిన నూలుతో నేసిన ఆ రుమాలు ఎండలో తలకు చల్లదనం ఇస్తుందని వెనుకటి రోజులలో తలపాగాగా చుట్టేవారు. ఇప్పుడు దాని ఖరీదు చూసి జనం అద్దాలలో బిగించుకుంటున్నారు. మీ అమ్మ ఇస్తే అడిగి తీసుకో, ఇవ్వకపోతే పేచీ పెట్టకు.

సముద్ర స్నానానికి చుడీదారుతో దిగే అలవాటు మన వాళ్ళది. నూలు బట్ట తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది, అలలో అది ప్రమాదం కూడా. మోచేతులూ మోకాళ్ళూ కప్పే నైలాన్ ఈత దుస్తులు ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతున్నాయి. ముదురు నీలంలో ఒక జత కొను, పైన తెల్ల లినెన్ చొక్కాను బొత్తాలు పెట్టకుండా వేసుకుంటే సిగ్గూ పడనక్కరలేదు, ఎండ దెబ్బా తగలదు. నీటి నుండి రాగానే మంచినీళ్ళలో జాడించు. ఉప్పు మిగిలిన గుడ్డ గాలిలోని చెమ్మను పీలుస్తూనే ఉంటుంది, ఎంత సేపు ఆరవేసినా జిడ్డుగానే ఉంటుంది. జాడించిన దాన్ని హోటలు వారి పొడి తువ్వాలు మీద పరచి, చాపలా చుట్టి, దానిపై కాళ్ళతో నాలుగు అడుగులు తొక్కు. సగం తడి తువ్వాలులోకి పోతుంది. ఆ నాలుగేళ్ళూ మీ మామయ్య ఆఫీసు చొక్కాలు నేను అలాగే ఆరబెట్టాను. మూడు గజాల నైలాన్ తాడు, అరడజను క్లిప్పులు తీసుకువెళ్ళడం మరువకు.

చెప్పులు రెండు జతలు, అంతకు మించి వద్దు. తోలువి అసలే వద్దు, తడిసి బూజు పడతాయి. మడమకు పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ ఒక జత, పలుచని అందమైన చెప్పులు ఒక జత. నీల్ అని జనం ఇంకా పిలిచే షహీద్ ద్వీప్‌లో సహజ శిలావంతెన చూడాలంటే సముద్రం ఆటులో ఉన్నప్పుడు పాచి పట్టిన పగడపు రాళ్ళ మీద నడవాలి. అక్కడ ఫ్యాన్సీ చెప్పులతో వచ్చిన అమ్మాయిలు వాటిని చేతిలో పట్టుకొని వట్టి కాళ్ళతో నడిచి అరికాళ్ళు కోసుకోవడం కళ్ళారా చూశాను.

నగల విషయంలో మీ అమ్మకు కోపం వచ్చినా సరే చెబుతాను: పొట్టి నల్లపూసల గొలుసు, చెవులకు దిద్దులు, చేతులకు రెండు జతల మట్టిగాజులు, అంతే. మంగళసూత్రాల గొలుసు ఇంట్లో దేవుడి దగ్గర ఉంటే దోషమేమీ లేదు. మెట్టెలు నీటిలో నానిన వేలి నుండి ఇట్టే జారిపోతాయి కనుక స్నార్కెలింగ్‌కు, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి అడుగును చూసే ఈతకు, దిగే ముందు వాటిని తీసి రుమాలులో ముడివేసి ఉంచు. నా మెట్టె ఒకటి ఇప్పటికీ ఆ బంగాళాఖాతంలోనే ఉంది.

సెల్యులార్ జైలుకు వెళ్ళే రోజున పొందూరు ఖద్దరు కుర్తా వేసుకో. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలులో, అల్లూరి సీతారామరాజు వెంట మన్యంలో పోరాడిన మనవాళ్ళలో కొందరు శిక్ష అనుభవించారు. విహారయాత్రకు వచ్చినా ఆ ఒక్క పూట పొట్టి నిక్కర్లు బాగుండవు. ఇది అల్లుడుగారికి కూడా వర్తిస్తుంది. ఆయనకు రెండు లినెన్ చొక్కాలు, ఒక టీ షర్టు, త్వరగా ఆరే ప్యాంటు, నిక్కరు, ఒక లుంగీ చాలు. లుంగీ అంటే నవ్వకండి. తువ్వాలుగా, రాత్రి దుస్తులుగా, తీరంలో చాటు లేని చోట బట్టలు మార్చుకొనే తెరగా అంత తేలికైన వస్తువు మరొకటి లేదు.

మిగిలినవి గబగబా చెబుతాను. సబ్బులు, నూనెలు ఇద్దరికీ కలిపి ఒకే సంచిలో, చిన్న సీసాలలో. ఎండ క్రీము జింక్ ఆక్సైడ్‌తో చేసినదైతే మంచిది. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న క్రీములు పగడాలకు హాని చేస్తాయని హవాయిలో 2021 నుండి అమ్మకమే నిషేధించారు. సాయంత్రం తీరంలో కనిపించీ కనిపించని ఇసుక ఈగలు కుడతాయి, దోమల క్రీము ఉంచుకో. నీళ్ళలోకి దిగే ముందు తలకు కొబ్బరినూనె రాసి జడ వేసుకో, ఉప్పుకు జుట్టు చిక్కు పడదు. చిన్న ద్వీపాలలో ఏటీఎంలను నమ్మకుండా కొంత రొక్కం, గుర్తింపు కార్డులు ఒక జిప్పు సంచిలో వేసి చేతిసంచిలోనే పెట్టుకో, పవర్ బ్యాంకు కూడా. స్టీలు నీళ్ళ సీసా, గుడ్డ సంచి తప్పవు.

సంచి ఎంపికలోనే సగం బరువు తేలిపోతుంది. గట్టి అట్టల ట్రాలీ ఖాళీగా ఉన్నప్పుడే మూడు కిలోల దాకా తూగుతుంది, పైగా దాని చక్రాలు నున్నటి నేల మీద తప్ప తిరగవు. రెండేళ్ళ క్రితం మా బృందంతో వెళ్ళినప్పుడు నాకన్నా చిన్నవాళ్ళు జెట్టీ మెట్ల మీద, తడి చెక్క బల్లల మీద ఆ ట్రాలీలను ఎత్తలేక, ఈడ్వలేక ఆగిపోతుంటే, అరవై దాటిన నేను భుజానికి సంచి తగిలించుకొని ముందు నడిచాను. కాస్త గర్వపడ్డాను కూడా. కిలో బరువుండే గుడ్డ బ్యాక్‌ప్యాకులు చెరొకటి తీసుకోండి. బట్టలను మడవకుండా చాపలా చుట్టి నిలువుగా పేర్చండి, చీర మాత్రం అన్నిటికన్నా పైన పరచండి. తూకానికి ప్రత్యేకమైన కాటా అక్కరలేదు. ఇంట్లో మనుషులు తూచుకొనే యంత్రం మీద సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి నిలబడితే తేడా తెలుస్తుంది. విమానంలో చేతిసంచికి సాధారణంగా ఒప్పుకొనేది ఏడు కిలోలు. నీది ఆరున్నర దగ్గర ఆగాలి.

ఆ అరకిలో గవ్వలకూ పగడాలకూ అనుకునేవు, వాటిని ఏరి తీసుకురావడం నేరం. పగడాలకూ అనేక రకాల గవ్వలకూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో తనిఖీలో పట్టుకుంటారు. ఆ అరకిలో ఖాళీ అక్కడి కొబ్బరి చిప్పల బొమ్మ ఒకటి నాకు తేవడానికి.

బయలుదేరే ముందు రోజున సంచి తూచి ఎంత వచ్చిందో ఫోను చెయ్యి. ఆ రెండు సూట్‌కేసులనూ మీ నాన్న చేత ఈ రోజే అటక ఎక్కించు. కళ్ళ ముందు ఉంటే మీ అమ్మ ఏదో ఒకటి వేస్తూనే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ అత్త