జపాన్ యానిమేలో నల్లజాతి పాత్రలు: బొమ్మను చూసి గీసిన బొమ్మలు

పదో తరగతి చదివే మీ అబ్బాయి చూస్తున్న జపాన్ యానిమేలలో, అంటే అక్కడి కార్టూన్ సిరీస్‌లలో, నల్లజాతి పాత్రలు చాలావరకు లావు పెదాలతో, గుడ్లు మిటకరిస్తూ, నవ్వులాటకు పెట్టినట్టు కనిపిస్తున్నాయని, ఇది జాతివివక్షేనా, అయితే వాటిని చూడనివ్వాలా వద్దా అని అడిగారు. చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకెమాన్‌తో మొదలైన ఈ పిచ్చి నాకింకా వదలలేదు. దానికితోడు, హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయ హాస్టల్లో ఉన్న రోజుల్లో సూడాన్, నైజీరియా నుంచి వచ్చిన విద్యార్థులతో కలిసి చాలా సిరీస్‌లు చూశాను. వారి పక్కన కూర్చుని చూసినప్పుడు, అంతకుముందు ఒంటరిగా చూసిన ఎపిసోడ్లే వేరుగా కనిపించాయి. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

మీరు గమనించింది నిజమే. ఆ చిత్రణలో అవమానం ఉంది. అయితే దాని మూలం ద్వేషం కన్నా అనుకరణలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. చాలామంది జపాన్ చిత్రకారులు నల్లజాతి మనుషులను చూసి గీయలేదు, అంతకుముందు ఎవరో గీసిన బొమ్మను చూసి గీశారు. ఆ బొమ్మ అమెరికాలో పుట్టింది. 1854లో కమొడోర్ పెర్రీ అనే అధికారి నడిపిన అమెరికా నౌకాదళం ఒప్పందం కోసం జపాన్‌కు వచ్చినప్పుడు, పౌహాటన్ అనే యుద్ధనౌక మీద జపాన్ ప్రతినిధులకు విందు ఇచ్చి, వినోదం కోసం తెల్లజాతి నావికుల చేత ముఖాలకు నల్లరంగు పూయించి, నీగ్రో బానిసలను వెక్కిరించే పాటలు, ఆటలు ప్రదర్శింపజేశారు. రెండు దేశాల మధ్య అధికారికంగా స్నేహం మొదలైన ఆ రోజుల్లోనే ఈ వేషం కూడా ఓడ దిగిందన్నమాట. తరువాత 1930ల నాటి అమెరికన్ కార్టూన్లు అదే ముఖాన్ని సినిమా తెర మీదకు తెచ్చాయి. ఆధునిక మాంగాకు, అంటే జపాన్ బొమ్మల కథలకు, పితామహుడనిపించుకున్న ఒసాము తెజుకా తన తండ్రి ఇంట్లో ప్రొజెక్టర్ మీద వేసి చూపించిన అలాంటి కార్టూన్లు చూస్తూ పెరిగినవాడే. 1965లో టీవీకి వచ్చిన ఆయన 'జంగిల్ ఎంపరర్' తెల్ల సింహం కథ. దానికి మూలమైన మాంగాలో ఆఫ్రికా గ్రామస్థులు కనిపించిన చోటల్లా ఈ అరువు ముఖమే కనిపిస్తుంది. 1964లో షోతారో ఇషినొమొరి మొదలుపెట్టిన 'సైబోర్గ్ 009' మాంగాలో 008 అనే వీరుడు ఆఫ్రికావాడు. జట్టులో మిగతావారితో సమానంగా పోరాడే ఆ వీరుడికి కూడా మొదట్లో పెట్టింది అదే లావు పెదాల ముఖం. 2001 యానిమేలో ఆ ముఖాన్ని పూర్తిగా మార్చి గీశారు.

మార్పు దానంతటదే రాలేదు. 1988లో ఒసాకా దగ్గరి సకాయ్ నగరంలో ఒక సాధారణ కుటుంబం నల్లజాతివారి పట్ల వివక్షను వ్యతిరేకించే సంఘం పెట్టి, ప్రచురణ సంస్థలకు, బొమ్మల కంపెనీలకు వరసగా ఉత్తరాలు రాయసాగింది. ఆ ఏడాదే 'లిటిల్ బ్లాక్ సాంబో' పిల్లల పుస్తకాన్ని జపాన్ ప్రచురణకర్తలు అమ్మకాల నుంచి ఉపసంహరించారు. తెజుకా 1989లో మరణించాడు. చనిపోయిన రచయిత గీతలను ఇతరులు మార్చడం సరికాదన్న ఉద్దేశంతో, బొమ్మలను యథాతథంగా ఉంచి, అవి గీసిన కాలాన్ని, వాటి వల్ల నొచ్చుకునేవారిని ప్రస్తావించే వివరణను తరువాతి ముద్రణల్లో చేర్చారు. పాతదాన్ని చెరిపేయకుండా, దాని పక్కనే సంజాయిషీ పెట్టిన ఈ పద్ధతి నాకు సబబుగానే తోస్తుంది.

మీ అబ్బాయి చూసినవాటిలో 'డ్రాగన్ బాల్' తప్పకుండా ఉండి ఉంటుంది. అందులో మిస్టర్ పోపో తారులాంటి నల్లని ముఖం, గుండ్రటి తెల్ల కళ్ళు, లావాటి ఎర్ర పెదాలు, తలపాగాతో దేవుడి మేడలో తోటపని చేస్తుంటాడు. కథానాయకుడు గోకూకు శిక్షణ ఇచ్చేంత సామర్థ్యం ఉన్నవాడే అయినా, ముఖం మాత్రం ఆ పాత వేషానిదే. అమెరికాలో పిల్లల ప్రసారం కోసం ఒకసారి అతనికి నీలం రంగు వేశారు. పోకెమాన్‌లో జింక్స్ అనే పాత్రది మొదట నల్లటి ముఖమే. 2000లో కేరల్ బోస్టన్ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి అమెరికన్ రచయిత్రి పోపోనూ జింక్స్‌నూ కలిపి ఘాటుగా విమర్శించిన తరువాత, కొంతకాలానికి జింక్స్ ఊదారంగుకు మారింది. రంగు మార్చి చేతులు దులుపుకోవడం నాకు పరిష్కారంగా కనిపించదు. ముఖమంతా అలాగే ఉంచి పైన నీలం పూస్తే, అది ఎవరి వెక్కిరింతో చూసేవారికి తెలియకుండా పోదు.

పెదాలు ఎలా గీశారన్నది సులభంగా తేలిపోయే విషయం. పాత్రకు సొంత గతం, సొంత కోరిక ఇచ్చారా లేదా అన్నది అంతకంటే ముఖ్యమైన విషయం. ఇందుకు 2019లో వచ్చిన 'ది ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్' మంచి ఉదాహరణ. అది అనాథాశ్రమమని నమ్మి పెరుగుతున్న పిల్లలకు, తాము రాక్షసులకు ఆహారంగా పెంచబడుతున్నామని తెలిసే కథ. అందులో సిస్టర్ క్రోన్ అనే నల్లజాతి స్త్రీ పిల్లల మీద కాపలాకు వస్తుంది. ఆమె రాత్రి తన గదిలో ఒంటరిగా గుడ్డబొమ్మను చేతబట్టుకుని, పై అధికారిణి పదవి తనకే దక్కాలని కలలు కంటూ ఊగిపోతూ మాట్లాడే దృశ్యం ఉంది. కెమెరా ఆమె కళ్ళకూ పెదాలకూ ముక్కుకూ మరీ దగ్గరగా పోయి, ముఖమంతా తెరను నింపేస్తుంది. అదే పదవిలో ఉన్న తెల్లని ఇసబెల్లా అంతకంటే క్రూరురాలు. ఆమెను మాత్రం ప్రశాంతంగా, అందంగా, నిటారుగా నిలబెట్టి చూపిస్తారు. ఆ ఎపిసోడ్ చూస్తుండగా నా సూడాన్ మిత్రుడు వీడియో ఆపి, ఈమెను భయపెట్టడానికి పెట్టారా, నవ్వించడానికి పెట్టారా అని అడిగాడు. రెండింటికీ అని నేనన్నాను. అయితే ఇసబెల్లా ఎందుకు నవ్వించదు అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అయినా అదే క్రోన్‌కు చావుకు ముందు ఆ కథ ఒక గతాన్ని ఇస్తుంది. ఆమె కూడా ఒకప్పుడు అలాంటి ఇంట్లోనే పెరిగిన పిల్ల అని, బతకడానికి మిగిలిన ఒకే దారి పట్టుకుని అక్కడిదాకా వచ్చిందని తెలుస్తుంది. తాను పోతూ పిల్లలకు ఉపయోగపడే ఒక పెన్నును వదిలి వెళుతుంది. ఇంత చక్కగా రాసిన పాత్రకు అలాంటి ముఖం పెట్టడమే బాధ. అదే కథలో ఫిల్ అనే నాలుగేళ్ళ నల్లజాతి బాబు ఉన్నాడు. అతని ముఖంలో ఏ అతిశయోక్తీ లేదు. పెద్ద పిల్లలు పారిపోతూ, చిన్నవారిని చూసుకుంటూ వేచి ఉండే భారాన్ని ఈ పసివాడికే అప్పగిస్తారు. అంటే ఆ చిత్రకారులకు మామూలుగా గీయడం చేతకాక కాదు. గయ్యాళి స్త్రీని గీయవలసి వచ్చేసరికి చెయ్యి పాత అలవాటుకు పోయింది.

నింజా యోధుల కథ 'నరూటో'లోని కిల్లర్ బీ దగ్గర నాకూ ఆ మిత్రుడికీ అభిప్రాయం కలవలేదు. కండలు తిరిగిన శరీరం, నల్ల కళ్ళద్దాలు, యుద్ధం మధ్యలో కూడా ప్రాసలు కట్టి పాడే ర్యాప్, తట్టిన పంక్తులు రాసుకునే చిన్న పుస్తకం కలిసిన అతనిది, నల్లవాడంటే పాటా బలమూ అన్న మూస పాత్రని నా వాదన. నా మిత్రుడు మాత్రం ఒప్పుకోలేదు. బీ ఎవరి దయ మీదా బతకడని, తనలోని ఎనిమిది తోకల జంతువుతో స్నేహం చేసుకున్నవాడని, కథానాయకుడు నరూటోకు అతనిలోని తొమ్మిది తోకల నక్కను లొంగదీసుకోవడం నేర్పిన గురువు బీయేనని అన్నాడు. తన ఊళ్ళో పిల్లలు ఆటల్లో నరూటో వేషం కన్నా బీ వేషం కోసమే ఎక్కువగా కొట్టుకునేవారట. నేను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. అయితే ఎవరిని గురించి గీశారో వారికి నచ్చిన పాత్రను నేను కొట్టిపారేయడమూ సబబు కాదు.

పాతవన్నీ చెడ్డవి, కొత్తవన్నీ మంచివి అనుకోవడానికీ లేదు. 1982లోనే వచ్చిన 'మాక్రాస్'లో క్లాడియా లాసాల్ అనే నల్లజాతి స్త్రీ అంతరిక్ష మహానౌక నియంత్రణ గదిలో అధికారిణి. రాయ్ ఫాకర్ అనే తెల్లజాతి విమాన యోధుడు ఆమె ప్రియుడు. అతను యుద్ధంలో గాయపడి, ఆ సంగతి చెప్పకుండా ఆమె ఇంటికి వస్తాడు. ఆమె వంటింట్లో అతనికి ఇష్టమైన అనాసపండు సలాడ్ చేస్తూ మాట్లాడుతుంటుంది, అతను గిటార్ వాయిస్తూ వాయిస్తూ ప్రాణం వదిలేస్తాడు. తరువాతి ఒక ఎపిసోడ్‌లో, వాన కురుస్తున్న రాత్రి, క్లాడియా తన ప్రేమకథను స్నేహితురాలు మిసాకు చెప్పి, నీ మనసులో మాట ఆలస్యం చేయకుండా నువ్వు ప్రేమించినవాడికి చెప్పెయ్యమని హెచ్చరిస్తుంది. ఈ మొత్తంలో ఆమె చర్మం రంగు గురించి ఎవరూ ఒక్క మాట అనరు. నలభై ఏళ్ళ కిందట పిల్లల టీవీ కార్యక్రమంలో ఇంతటి గౌరవం దక్కిన నల్లజాతి స్త్రీ పాత్ర అమెరికాలోనైనా అరుదే. 1985లో 'రోబోటెక్' పేరుతో ఈ కథ అక్కడి పిల్లల దాకా చేరింది.

1990లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ప్రసారం చేసిన 'నాదియా' నన్ను ఆశపెట్టి నిరాశపరిచింది. 1889 నాటి పారిస్ ప్రదర్శనలో సర్కస్ చేస్తూ కనిపించే గోధుమ వన్నె పిల్ల, తన పుట్టుక ఆఫ్రికాలో ఉందని నమ్మి వెతుక్కుంటుంది. కోపిష్ఠి, మొండిది, మాంసం ముట్టదు. నిజంగా ఒక మనిషి. తీరా ఆమె ప్రాచీన, అద్భుత నాగరికతకు చెందిన రాకుమారి అని తేలుతుంది. ఆమె నమ్ముకున్న ఆఫ్రికాకు కథలో దక్కింది నాసిరకం గ్రామ దృశ్యాలే.

ఇక సంగీతం దారిలో వచ్చినవారున్నారు. వీరే నా ఉద్దేశంలో అసలు మార్పు తెచ్చినవారు. షినిచిరో వతనాబే అనే దర్శకుడు 2004లో 'సమురాయ్ చాంప్లూ'ను అమెరికా నల్లజాతివారి హిప్‌హాప్ సంగీతం మీద నడిపాడు. 2007లో వచ్చిన 'ఆఫ్రో సమురాయ్' సోల్, హిప్‌హాప్ అభిమాని తకాషి ఒకజాకి మాంగా నుంచి పుట్టింది. కథానాయకుడికి హాలీవుడ్ నటుడు శామ్యూల్ జాక్సన్ గొంతిచ్చాడు, సంగీతం రిజ్జా (RZA) అనే ర్యాపర్ చేశాడు. 2008లో సాయో యమమొతో దర్శకత్వం వహించిన 'మిచికో అండ్ హాచిన్' బ్రెజిల్‌ను తలపించే దేశంలో జరుగుతుంది. అందులో అత్సుకో జాక్సన్ అనే నల్లజాతి పోలీసు, తాను వేటాడుతున్న మిచికోతో ఒకే అనాథాశ్రమంలో పెరిగింది. పట్టుకోవాలనీ ఉంటుంది, వదిలేయాలనీ ఉంటుంది. ఈ సృష్టికర్తలకు నల్లజాతి సంస్కృతి పాత కార్టూన్ల నుంచి కాకుండా, తాము ఇష్టంగా వినే పాటల నుంచి వచ్చింది. పాట వెనుక మనిషి ఉంటాడు కదా. అందుకే వారి పాత్రలు బతికాయి. 2021లో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చిన 'యాసుకే' సృష్టికర్త లెషాన్ థామస్ అనే నల్లజాతి అమెరికన్. చరిత్రలోని యాసుకే 1579లో క్రైస్తవ మతబోధకులతో జపాన్ చేరి, ఒడా నొబునాగా అనే యుద్ధప్రభువు కొలువులో ఉన్న ఆఫ్రికావాడు. అతని ఒంటిది సిరా కాదని నమ్మలేక నొబునాగా కడిగించి చూశాడని నాటి ఉత్తరాలు చెబుతాయి. అంతటి కథ చేతిలో ఉండగా మరమనుషులనూ మంత్రతంత్రాలనూ దట్టించడం నాకు నచ్చలేదు. టోక్యోలోనే 2016లో ఆర్థెల్ ఐసమ్ అనే నల్లజాతి చిత్రకారుడు డార్ట్ ష్టాజియో అనే స్టూడియోను సహస్థాపకుడిగా నెలకొల్పడం నాకు అంతకంటే ముఖ్యమైన సంఘటనగా తోస్తుంది.

సమస్య తీరిపోయిందని మాత్రం అనలేం. 2019లో నిస్సిన్ నూడుల్స్ ప్రకటన యానిమేలో, హైతీ తండ్రికి పుట్టిన టెన్నిస్ తార నవొమి ఒసాకాను తెల్లటి చర్మంతో గీసి, విమర్శలు రాగానే క్షమాపణ చెప్పి తీసేశారు. 2020లో ఎన్‌హెచ్‌కే అమెరికా నల్లజాతి ఉద్యమాన్ని వివరిస్తూ చేసిన చిన్న యానిమేషన్‌లో కండలు పెంచిన నల్లవాడు కోపంతో రంకెలు వేస్తాడు, పోలీసు హింస ఊసే ఉండదు. అదీ క్షమాపణతోనే ముగిసింది. ఒకచోట రంగు చెరిపేశారు, ఇంకోచోట మూస దించారు. టోలిచౌకి ప్రాంతంలో ఇళ్ళు వెతుక్కునేటప్పుడు నా మిత్రులకు ఎదురైన మాటలు తలచుకుంటే, ఈ విషయంలో జపాన్‌ను మాత్రమే వేలెత్తి చూపే అర్హత మనకు లేదనుకోండి.

మీ అబ్బాయి చూడడాన్ని ఆపవద్దని నా సలహా. ఆపితే స్నేహితుల ఫోన్లో చూస్తాడు, అక్కడ ఎవరూ ఏమీ చెప్పరు. క్రోన్ దృశ్యాలు వచ్చినప్పుడు పక్కన కూర్చుని, ఇసబెల్లాను ఎలా గీశారో, ఈమెను ఎలా గీశారో పోల్చి చూడమనండి. ఆ వయసు పిల్లలు ఇట్టే పట్టేస్తారు. 'ఆఫ్రో సమురాయ్', 'మిచికో అండ్ హాచిన్' పెద్దల కోసం తీసినవి, నెత్తురు ఎక్కువ, కాబట్టి ఇంకొన్నేళ్ళు ఆగవచ్చు. ఇంట్లో అందరూ కలిసి చూడడానికి వతనాబే 2019లో తీసిన 'కేరల్ అండ్ ట్యూస్‌డే' బాగుంటుంది. అంగారక గ్రహం మీద అనాథగా పెరిగి, చిన్నాచితకా పనులు చేసుకుంటూ కీబోర్డు వాయించే నల్లజాతి అమ్మాయి కేరల్, ఇల్లు వదిలి వచ్చిన ధనికుల పిల్ల ట్యూస్‌డే కలిసి పాటలు కట్టే కథ ఇది. నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న ఈ సిరీస్‌ను మొదటి రెండు ఎపిసోడ్లతోనే తేల్చేయకుండా కాస్త ముందుకు చూడండి.