మందు మాన్పించే మందు చాటుగా పెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంజినీరింగ్ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటాడు. నెల క్రితం స్నేహితుడి పుట్టినరోజున బాగా తాగి పడిపోయాడట. ఫ్రెండ్స్ మోసుకెళ్లి గదిలో పడుకోబెట్టారు. పార్టీలో సగం సంగతులు తనకు గుర్తే లేవంటాడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు బ్యాగులో గంజాయి చుట్టుకునే కాగితాలు కనిపించాయి. నిలదీస్తే, ‘అందరూ చేసేదేగా, ఎగ్జామ్స్ టెన్షన్‌కి’ అన్నాడు. వాడు బానిసైపోయినట్టేనా? డీఅడిక్షన్ సెంటర్లో చేర్పించాలా? తెలిసినవాళ్లు ఒక పొడి ఇస్తామంటున్నారు. తినేదాంట్లో తెలియకుండా కలిపితే తాగుడు మానేస్తాడట. వాడమంటారా? – ఓ తల్లి

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతానమ్మా, ఎందుకంటే అందులో ప్రాణాపాయం ఉంది. ఆ పొడి వాడకండి. అందులో ఏముందో ఇచ్చేవాళ్లకే తెలియాలి. డైసల్ఫిరామ్ అనే మాత్రను నూరి ఇచ్చినా ఇవ్వొచ్చు. మద్యం ఒంట్లోకి వెళ్లాక ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఈ మాత్ర అడ్డుకుంటుంది. సంగతి తెలియని మనిషి తాగాడంటే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆపేశాక కూడా 2 వారాల దాకా ఈ ముప్పు ఉండొచ్చు. ఇదే మాత్రను మేమూ రాస్తాం. కాకపోతే తాగుడు మానాలని తనే అనుకున్నవాళ్లకు, లివర్ పరీక్షలు చేసి, అన్నీ విడమరచి చెప్పి రాస్తాం. ఇంకో సంగతి. చాటుగా పెట్టింది ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఆ తర్వాత మీరేం పెట్టినా అనుమానంగానే చూస్తాడు.

ఇక బానిసేనా అన్న ప్రశ్న. ఆ మాట మేం పెద్దగా వాడం. గడిచిన 12 నెలల్లో 11 లక్షణాల్లో ఎన్ని ఉన్నాయో చూస్తాం. తగ్గించాలనుకున్నా తగ్గించలేకపోవడం, అదే కిక్కు కోసం మోతాదు పెంచాల్సి రావడం, మనసు అటే లాగడం, దానివల్ల క్లాసులు పోవడం లాంటివన్నమాట. రెండు మూడుంటే సమస్య మొదలైనట్టు, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే తీవ్రమైనట్టు. మీవాడిలో ఎన్ని ఉన్నాయో వాడితో మాట్లాడితేగానీ చెప్పలేం.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ పుట్టినరోజు రాత్రి. పిల్లలు తాగుతున్నారంటే పదేళ్ల తర్వాత ఏమవుతారోనని పెద్దవాళ్లు బెంగపడతారు. కాలేజీ పిల్లలకు అసలు గండం ఒక్క రాత్రిలోనే ఉంటుంది. నెలకోసారే తాగినా, గంటలో ఏడెనిమిది పెగ్గులు పోస్తే చాలు. కాలేయం ఉరామరిగా గంటకు ఒక పెగ్గునే కరిగించగలదు. కాఫీ తాగించినా, చన్నీళ్లు కుమ్మరించినా దాని వేగం పెరగదు. సగం సంగతులు గుర్తులేవన్నాడు చూశారా, అది మరుపు కాదు. రక్తంలో మద్యం ఒక్కసారిగా పెరిగితే మెదడులో జ్ఞాపకాలు రాసుకునే భాగం ఆ కాసేపు పనిచేయదు. నడుస్తాడు, మాట్లాడతాడు, గొడవా పడతాడు. అదేదీ మెదడులో నమోదు కాదు. అంటే వాడు చాలా తొందరగా, చాలా ఎక్కువ తాగాడు.

పడుకోబెడితే సర్దుకుంటుందని ఆ స్నేహితులు అనుకున్నారు. మంచి మనసుతో చేసిన పొరపాటు అది. స్పృహ తప్పాక కూడా కడుపులో ఉన్న మద్యం రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కాబట్టి తిట్లకంటే ముందు మీవాడికీ, వీలైతే వాడి రూమ్మేట్లకీ ఇది చెప్పండి: అలాంటివాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు. తట్టినా లేవకపోయినా, ఊపిరి నిమిషానికి 8 సార్లకంటే తగ్గినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు గడిచినా, పెదవులు నీలంగా మారినా అంబులెన్స్ పిలవాలి. ఈ గుర్తులన్నీ కనిపించేదాకా ఆగక్కర్లేదు. వార్డెన్‌కి తెలిస్తే సస్పెండ్ చేస్తారన్న భయంతో గంటలు గంటలు పోగొట్టుకుంటారు. మద్యంతో పాటు నిద్రమాత్రలుగానీ, మత్తునిచ్చే నొప్పి మాత్రలుగానీ వేసుకుంటే శ్వాస ఆగిపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది.

గంజాయి సంగతి. ‘టెన్షన్‌కి’ అన్న మాట వాడి దృష్టిలో అబద్ధం కాదు. ఆ పూటకు హాయిగానే ఉంటుంది. రోజూ తాగేవాళ్లు ఆపితే ఒకట్రెండు రోజుల్లో నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, అయినదానికీ కానిదానికీ చిరాకు. మొదటి వారంలో ఇది బాగా ముదిరి, సుమారు 2 వారాలకు చాలావరకు తగ్గుతుంది. ఈ చిరాకునే పరీక్షల టెన్షన్ అనుకుని మళ్లీ వెలిగిస్తారు. పైగా చదివింది తలకెక్కదు, దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. టీనేజీలో మొదలుపెట్టినవాళ్లలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరు దానికి అలవాటు పడిపోతారని అంచనా. మీ ఇళ్లలో ఎవరికైనా స్కిజోఫ్రెనియా (లేనివి ఉన్నట్టు అనిపించే, వినిపించే తీవ్రమైన మానసిక జబ్బు) లాంటిది ఉంటే వాడు గంజాయి జోలికే పోకూడదు, ఆ సంగతి దాచకుండా చెప్పండి. ఎవరో వెంటపడుతున్నారనో, గొంతులు వినిపిస్తున్నాయనో అంటే మాత్రం ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించాలి.

మూత్ర పరీక్ష కిట్ కొందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో నిల్వ ఉండి మెల్లగా బయటికొస్తుంది. రోజూ తాగినవాడు మానేసినా నెల దాకా పాజిటివ్ రావొచ్చు. నిజంగా మానేసినవాణ్ని మీరు అబద్ధాలకోరు అంటారు.

‘డాక్టరుగారూ, మీరైనా గట్టిగా భయపెట్టండి’ అంటూ పిల్లల్ని లాక్కొచ్చే పెద్దలు నాకు కొత్త కాదు. భయపెడితే దాచడం నేర్చుకుంటారు, అంతే. మీవాడు మత్తులో లేనప్పుడు, ఇంకెవరూ లేనప్పుడు మాట్లాడండి. ‘ఎందుకు చేశావు’ అనకండి. ఆ రాత్రి ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు, తాగితే ఏం బాగుంటుంది, మర్నాడు ఎలా ఉంటుంది అని అడిగి పూర్తిగా వినండి. ‘అందరూ’ అన్నాడు కదా, ఆ అందరూ ఎవరో పేర్లు లెక్కపెట్టమనండి. తోటివాళ్లు తాగుతున్నదాన్ని విద్యార్థులు ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారు.

సెంటర్లో చేర్పించాల్సిన పరిస్థితి మీరు రాసినదాంట్లో కనిపించలేదు. బలవంతంగా అసలే వద్దు. సైకియాట్రిస్టు దగ్గరికి అవుట్ పేషెంట్‌గా వెళ్లి, కొన్ని వారాలు కౌన్సెలింగ్ తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. ఒక్క సందర్భంలో మాత్రం జాగ్రత్త. పొద్దున్నే తాగకపోతే చేతులు వణికే స్థితిలో ఉన్నవాడి చేత ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకూడదు. 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావొచ్చు, ఆ తర్వాత మతిభ్రమ కలగొచ్చు. అలాంటివాళ్లకు ఆస్పత్రిలోనే మాన్పించాలి.

రానని మొండికేస్తే మొదటిసారి మీరొక్కరే వెళ్లండి. ఇంట్లోవాళ్లు ఎలా మాట్లాడాలో, దేనికి డబ్బివ్వాలో, దేనికి ఇవ్వకూడదో నేర్పించడం కూడా మా చికిత్సలో భాగమే. అమ్మ నాలుగుసార్లు వచ్చి వెళ్లాక, ఐదోసారి తనంతట తానే వచ్చి కూర్చున్న పిల్లలున్నారు.